రోమ్ పిల్లలు పెద్దవాళ్లయిన తొమ్మిది నెలలు

1943 సెప్టెంబరు 10 నుంచి 1944 జూన్ 4 దాకా, దాదాపు తొమ్మిది నెలలు, రోమ్ నగరం జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉంది. అప్పటికి పదేళ్లు, పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు ఉన్న అక్కడి పిల్లలకు పెద్దరికం వయసుతో పాటు రాలేదు, ఒక్కసారిగా నెత్తిన పడింది. ఎవరు ఏ ఇంట్లో, ఏ ఏడాది పుట్టారన్నదే వాళ్ల బతుకును తేల్చింది.

ఆ తరంలో చాలామంది పుట్టేనాటికే దేశం ముస్సోలినీ చేతుల్లో ఉంది. ఆయన 1922 అక్టోబరులో అధికారానికి వచ్చాడు. 1930 నుంచి ప్రాథమిక బడుల్లో ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకమే పాఠ్యపుస్తకం. ఎనిమిదేళ్లు నిండిన మగపిల్లలు 'బలిల్లా' దళంలో నల్లచొక్కా తొడుక్కుని కవాతు చేసేవారు. 1938లో జాతి చట్టాలు తెచ్చి యూదు పిల్లలను ప్రభుత్వ బడుల నుంచి వెళ్లగొట్టారు. అంటే జర్మన్లు రాకముందే తరగతి గదిలో కొన్ని చోట్లు ఖాళీ అయ్యాయి.

1943 జులై 19న అమెరికా విమానాలు రోమ్‌లోని శాన్ లొరెంజో పేట మీద బాంబులు కురిపించాయి. వారం తిరక్కుండానే ముస్సోలినీ పదవి పోయింది. సెప్టెంబరు 8 సాయంత్రం, మిత్రరాజ్యాలతో సంధి కుదిరిందని రేడియో చెప్పింది. మర్నాడు తెల్లవారుజామునే రాజు, ప్రధాని బదోల్యో రాజధానిని దాని ఖర్మానికి వదిలేసి దక్షిణానికి పారిపోయారు. ఆజ్ఞ ఇచ్చే దిక్కు లేకపోయినా కొందరు సైనికులు, వాళ్లతో చేయి కలిపిన మామూలు జనం పోర్టా శాన్ పావొలో ద్వారం దగ్గర జర్మన్లను అడ్డుకున్నారు. విస్కొంతి హైస్కూల్లో కళాచరిత్ర చెప్పే రఫాయెలె పెర్సికెట్టి మామూలు బట్టల్లోనే వచ్చి వాళ్లలో కలిశాడు. సెప్టెంబరు 10న అక్కడే ప్రాణం వదిలాడు. ఆయనకు 28 ఏళ్లు. పాలకులు పారిపోవడం, పంతులు ప్రాణమివ్వడం ఒక్క రోజు తేడాలో చూసిన విద్యార్థులకు, ఎవరి మాట వినాలో ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తర్వాతి దెబ్బ యూదుల మీద పడింది. సెప్టెంబరు 26న జర్మన్ పోలీసు అధికారి హెర్బర్ట్ కాప్లర్, 36 గంటల్లో 50 కిలోల బంగారం తెచ్చివ్వకపోతే 200 మందిని పట్టుకుపోతానని బెదిరించాడు. ఉంగరాలు, గొలుసులు, చెవిదుద్దులు పోగయ్యాయి. యూదులు కానివాళ్లు కూడా వచ్చి తమ బంగారం ఇచ్చి వెళ్లారు. అడిగినంతా అప్పగించారు. అయినా అక్టోబరు 16, శనివారం తెల్లవారుజామున, వాన పడుతుండగా, సైనికులు ఇళ్ల మీద పడ్డారు. వెయ్యిమందికి పైగా ఆష్విట్జ్‌ మరణ శిబిరానికి రైలెక్కించారు. తిరిగొచ్చినవాళ్లు 16 మంది. ఆ రైల్లో వెళ్లిన రెండు వందల మందికి పైగా పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. తప్పించుకున్న పిల్లలు క్రైస్తవ మఠాల్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో దాక్కున్నారు. కొత్త పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకడం, పాత పేరు పెట్టి పిలిస్తే తల తిప్పకపోవడం వాళ్లు నేర్చుకోవాల్సి వచ్చింది.

1923, 24, 25ల్లో పుట్టిన కుర్రాళ్ల కష్టం వేరు. ఉత్తరాన ముస్సోలినీ పేరుతో జర్మన్లు నిలబెట్టిన ప్రభుత్వం వాళ్లను సైన్యంలో చేరమంది. చేరకపోతే మరణశిక్ష అని 1944 ఫిబ్రవరిలో చట్టం చేసింది. చాలామంది చేరలేదు. అటకల మీద, నేలమాళిగల్లో, లాటెరన్ మతపాఠశాలలో తలదాచుకున్నారు. అలాంటివాళ్లకు దొంగ గుర్తింపు కాగితాలు తయారుచేసిచ్చిన పూజారి పియెత్రో పాపగాల్లో తర్వాత దానికి తన ప్రాణంతో మూల్యం చెల్లించాడు.

ఇక ఆకలి అందరిదీ. మనిషికి రోజుకు 150 గ్రాముల రొట్టె ఇచ్చేవారు, 1944 మార్చి 25న దాన్ని 100 గ్రాములకు కోశారు. మిగతాదంతా బ్లాక్ మార్కెట్టే. మగవాళ్లు బయటికొస్తే పట్టుకుపోయే రోజులు కాబట్టి క్యూల్లో నిలబడటం ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడింది. సైకిల్ మీద వచ్చి జర్మన్ల మీద దాడి చేసి పారిపోతున్నారని 1943 డిసెంబరులో సైకిళ్లను నిషేధించారు. నిషేధం రెండు చక్రాల బండికే కదా అని జనం మూడో చక్రం తగిలించి తొక్కారు.

విద్యార్థులు ఊరుకోలేదు. 1944 జనవరి 29న డాంటే అలిగియేరి హైస్కూలు ముందు సమ్మెకు దిగినవాళ్ల మీద ఫాసిస్టులు కాల్పులు జరిపారు. గాయపడిన మాసిమో గిజ్జియో మూడు రోజుల తర్వాత చనిపోయాడు. వయసు 18. మార్చి 23న వియా రసెల్లా వీధిలో, పారిశుధ్య కార్మికుడి వేషంలో చెత్తబండిలో బాంబు తోసుకొచ్చిన రొజారియో బెంటివెన్యా 21 ఏళ్ల వైద్య విద్యార్థి. ఆ పేలుడులో 33 మంది జర్మన్ పోలీసు సైనికులు చచ్చారు. దానికి ప్రతీకారంగా జర్మన్లు మర్నాడే ఆర్డియటైన్ గుహల్లో 335 మందిని మెడ వెనక తుపాకీ పెట్టి కాల్చి చంపారు. పూజారి పాపగాల్లో వాళ్లలో ఒకడు. వాళ్లలో తండ్రితో పాటు చంపిన 15 ఏళ్ల యూదు బాలుడూ ఉన్నాడు. బాంబు పెట్టినవాళ్లు లొంగిపోయి ఉంటే ఇంతమంది బతికేవారన్న నింద ఏళ్ల తరబడి నడిచింది. అది అబద్ధం. లొంగిపొమ్మని ఎవరూ అడగలేదు. చంపడం అయిపోయాకే నగరానికి ఆ వార్త తెలిసింది. ఆ నెత్తురు అంటింది కాల్చినవాళ్ల చేతులకే.

జూన్ 4న మిత్రసేనలు నగరంలోకి వచ్చాయి. మర్నాడు పొద్దున, వెనక్కి పోతున్న జర్మన్లు అనియెనె నది మీది రైలు వంతెనను పేల్చబోతున్నారని తెలిసి కొందరు తుపాకులతో అడ్డుపడ్డారు. వాళ్లలో ఉగో ఫోర్నో ఒకడు. ఏప్రిల్లోనే 12 నిండాయి. వంతెన నిలిచింది, పిల్లాడు మిగల్లేదు. ఇటలీ ప్రభుత్వం అతనికి పౌర పురస్కారంగా స్వర్ణ పతకం ఇచ్చింది 2013లో, అంటే 69 ఏళ్ల తర్వాత.

విముక్తి వచ్చినా బాల్యం తిరిగి రాలేదు. అమెరికా సైనికుల బూట్లు తుడిచి పొట్టపోసుకునే పిల్లలతో వీధులు నిండాయి. దర్శకుడు డి సీకా 1946లో 'షూషా' సినిమా తీసింది వాళ్ల మీదే. అదే ఏడాది జూన్ 2న, రాజు ఉండాలా గణతంత్రం రావాలా అని ఇటలీ ఓటేసింది. ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి. 1925 ద్వితీయార్థంలో పుట్టినవాళ్లకు, ఆయుధం పట్టకపోతే చంపుతామని రెండేళ్ల కిందట బెదిరింపులు ఎదుర్కొన్న ఆ కుర్రాళ్లకు, ఆ ఓటు దక్కలేదు.