గల్ఫ్ వీసా లెక్క ఎవరి ఖాతాలో?

రూ.35,400. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు గల్ఫ్‌లో కొలువు చూపించినందుకు ఒక కార్మికుడి దగ్గర తీసుకోదగ్గ గరిష్ఠ మొత్తం ఇదే. సేవా రుసుము 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 5,400. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో ఈ అంకె చెబితే నవ్వుతారు. అక్కడ మాట లక్ష దగ్గర మొదలవుతుంది. భూమి, బంగారం, బర్రెలు కొన్నట్టే వీసా కూడా కొనేదన్న లెక్కలో బేరం సాగుతుంది.

కానీ కార్మికుడు కొనాల్సిన వీసా అంటూ చట్టంలో ఒకటి లేదు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఫీజు, ఇకామా (నివాస అనుమతి), వర్క్ పర్మిట్, వాటి రెన్యువల్, సెలవు మీద వచ్చిపోయే వీసా, పని ముగిశాక ఇంటికి టికెట్ అన్నీ యజమానివే. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు చట్టం కూడా నియామక ఖర్చును కార్మికుడి నుంచి నేరుగా గానీ, దొంగచాటుగా గానీ రాబట్టకూడదంటుంది. కాబట్టి ఏజెంటు ‘వీసాకు ఇంత, నా కమీషన్ ఇంత’ అని విడదీసి చెప్పిన క్షణంలోనే మొదటి అంకె తేలిపోతుంది. అది కంపెనీ పెట్టుకోవాల్సిన డబ్బు. కంపెనీ ఇచ్చాక కూడా మన దగ్గర మళ్లీ వసూలు చేస్తున్నారేమోనని అడిగే హక్కు మనకు ఉంది. అడిగితే వీసా పోతుందన్న భయమూ ఉంది. బేరమంతా ఆ భయం మీదే నడుస్తుంది.

చట్టం చెప్పిన రుసుముకీ, ఊళ్లో సాగే బేరానికీ తేడా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఖతార్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ గది ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300 కలపాలి. గది, తిండి కంపెనీవే అనుకుంటే చేతికొచ్చేది మన డబ్బుల్లో సుమారు 23,000. అందులో నెలకు 10,000 అప్పుకు కడతాడనుకుందాం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు 1,20,000 అయితే తీరడానికి 14 నెలలు పడుతుంది. అదే అప్పు 35,400 అయితే నాలుగు నెలలు. కాంట్రాక్టు రెండేళ్లదైతే మొదటివాడికి సొంతానికి మిగిలేవి 10 నెలలు, రెండోవాడికి 20. ఇద్దరూ ఒకే గదిలో పడుకుని ఒకే పని చేస్తారు.

ఇక ఆజాద్ వీసా. గల్ఫ్‌కు పోయొచ్చిన ప్రతి ఇంట్లో తెలిసిన మాటే. కఫీల్ (స్పాన్సరు) పేరుకే ఉంటాడు, బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ‘నీ ఇష్టం’ అని అమ్ముతారు. ఏ గల్ఫ్ దేశపు వీసా జాబితాలోనూ ఇలాంటిది ఉండదు. సౌదీలో స్పాన్సరు కాని వాడి దగ్గర పని చేయడం నేరం, పట్టుబడితే ఇంటికి పంపిస్తారు. కఫీల్‌కు కోపమొచ్చి పారిపోయాడని ‘హురూబ్’ పెట్టేస్తే ఇకామా ఉన్నా లేనట్టే.

నేరం సంగతి అలా ఉంచి, అంకెల్లో అయినా గిట్టుబాటవుతుందా? సౌదీలో సంస్థ స్థానికుల కంటే ఎక్కువమంది విదేశీయులను పెట్టుకుంటే, 2020 నుంచి ఒక్కో విదేశీయుడిపై నెలకు 800 రియాళ్ల లెవీ ఉంది. ఏడాదికి 9,600. వర్క్ పర్మిట్ ఫీజు 100, ఇకామా 650. మొత్తం 10,350 రియాళ్లు. కంపెనీ వీసా మీద వెళ్లినవాడికి ఈ అంకెతో పనే లేదు. ఆజాద్ వీసావాడికి మాత్రం కఫీల్ ‘నీది నువ్వే కట్టుకో’ అంటాడు. రియాల్ రూ.23 చొప్పున అది 2,38,050.

నెలకు 2,000 రియాళ్ల పని ఏడాది పొడవునా దొరికిందనుకుందాం. వచ్చేది 24,000. ఇకామా ఖర్చు పోను 13,650. గదికి, తిండికి నెలకు 600 పొదుపుగా వేసుకున్నా ఇంకో 7,200 పోయి, మిగిలేది 6,450 రియాళ్లు. అంటే ఏడాదికి రూ.1,48,350, నెలకు 12,360 చిల్లర. కఫీల్‌కు నెలనెలా అప్పగించేదీ, పని దొరకని నెలలూ, వెళ్లేటప్పుడు చేసిన అప్పూ ఇందులో లేవు. ఆ మాత్రం డబ్బు కోసం సముద్రం దాటాల్సిన పనుందా అని తాపీమేస్త్రీ ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంటి పనివాళ్లకు, కొన్ని చిన్న సంస్థలకు లెవీ మినహాయింపులున్నాయి. అందుకే హౌస్ డ్రైవర్ వీసా మీద పంపి బయట పని చేసుకోమనడం. లెవీ తప్పుతుంది. ఇకామాలో రాసిన పని ఒకటి, చేసేది ఇంకొకటి కావడంతో తనిఖీలో దొరికిపోవడం మాత్రం ఇంకా తేలికవుతుంది.

విజిట్ వీసా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దాని మీద పని చేయకూడదు. దుబాయిలో గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు, 90 రోజులకు 4,500, లక్ష రూపాయల పైమాటే. పర్మిట్ లేకుండా పనికి పెట్టుకున్న యజమానికి 2024 నుంచి లక్ష మొదలు పది లక్షల దిర్హాముల వరకు జరిమానా ఉంది. అంత జరిమానా తలమీద ఉన్నవాడు తనిఖీ రాగానే ముందు చేసే పని, ఈ మనిషెవరో నాకు తెలీదనడం. ఖల్లివెల్లి అయిన, అంటే కాగితాలు లేకుండా మిగిలిన మనవాళ్లలో కొందరి కథ అక్కడే మొదలవుతుంది.

మన దేశం వైపు నుంచి ఉన్న కాపలా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (వలసకు అనుమతి తప్పనిసరి) రకం. ఆ పాస్‌పోర్టుతో ఆరు గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. జీతం, పని, యజమాని పేరు ఉన్న కాంట్రాక్టును అక్కడ చూస్తారు. ఏజెంటు లైసెన్సు కోసం సాధారణంగా రూ.50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఉండాలి. ఊళ్లో డబ్బు పట్టుకునే సబ్‌ఏజెంటుకు ఈ చట్టంలో చోటే లేదు. అలాంటివాడికి శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా గరిష్ఠంగా రూ.2,000. రెండు వేలే. 1983లో అది పెద్ద మొత్తమే కావచ్చు, ఇవాళ ఒక్క పాస్‌పోర్టు మీద మిగిలే లాభంలో చిల్లర.

ప్రొటెక్టర్ అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. పని గొడవల మీద కోర్టుకెక్కితే ఖర్చులకు 45,000 దాకా. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల పరిహారం ప్రకటించింది. అది మనిషి పోయాక వచ్చే ప్రభుత్వ సాయం. 275 రూపాయల పాలసీ చేతిలో ఉన్న కాగితం. విజిట్ వీసా మీద పనికెళ్లేవాడి చేతిలో ఆ కాగితం ఉండదు.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే ఆడవారికి ఇంకో గీత ఉంది: కనీసం 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంట్లు కాకుండా ప్రభుత్వ సంస్థలే పంపాలి. తెలంగాణలో ఆ పనికి టామ్‌కామ్ ఉంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లే మహిళల దగ్గర ఏజెంటు ముందుగా అడిగేది వయసు. 30 లేకపోతే విజిట్ వీసా చూపిస్తాడు.

పది పాసైనవారికి ప్రొటెక్టర్ అనుమతి అక్కర్లేదు. కాంట్రాక్టును చూసే అధికారీ ఉండడు, తప్పనిసరి బీమా కూడా ఉండదు. అందుకే ఇంటర్, డిగ్రీ చదివిన కుర్రాళ్లు ఆఫర్ లెటరు మీదున్న కంపెనీ పేరునీ, ఏజెంటు లైసెన్సు నంబరునీ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తామే వెతికి చూసుకోవాలి. అక్కడ ఏజెంటు పేరు కనిపించకపోతే రూ.35,400 కూడా ఇవ్వనక్కర్లేదు.