వీడియో విప్పే బాధ్యత ఎవరికి?

కంప్యూటరులో వీడియో ఫైలు తెరవగానే బొమ్మ కదలడం వెనుక డీకోడర్‌ అనే ప్రోగ్రాము పనిచేస్తుంది. కుదించి భద్రపరచిన దృశ్యాలను తిరిగి విప్పడం దాని విధి. లినక్స్‌ డిస్ట్రిబ్యూషన్లలో ఏ డీకోడరును ముందుగా అమర్చి ఇవ్వాలో నిర్వాహకులే నిర్ణయిస్తారు. దానిని మార్చుకునే వినియోగదారులు అరుదు కనుక ఆ ఎంపికలోని మంచిచెడ్డలు వారందరికీ సంక్రమిస్తాయి. ఇందుకు డెబియన్‌ అనుభవమే నిదర్శనం.

ఫాబ్రిస్‌ బెలార్డ్‌ 2000లో ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ చాలాకాలం లినక్స్‌లో ఈ పనికి ప్రధాన ఆధారంగా నిలిచింది. నాయకత్వంపై విభేదాలు తలెత్తి 2011లో కొందరు డెవలపర్లు లిబావ్‌ పేరిట వేరు కుంపటి పెట్టుకున్నారు. డెబియన్‌ లిబావ్‌ పక్షం వహించింది. 2013లో వెలువడిన డెబియన్‌-7లో అదే కొలువుతీరింది. అలవాటు కొద్దీ పాత ఆదేశం టైపు చేసినవారికి ఆ ప్రోగ్రాముకు కాలం చెల్లిందన్న హెచ్చరిక కనిపించేది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ మూతపడిందని పలువురు భ్రమపడ్డారు. నిజానికి కాలం చెల్లింది లిబావ్‌ తన వద్ద ఉంచుకున్న పాత ప్రతికే!

రెంటినీ ఉంచవచ్చు కదా అన్న ప్రశ్న సహజమే. అయితే రెండింటి లైబ్రరీల్లోనూ ఒకే పేర్లు ఉన్నందున, ఒకే ప్రోగ్రాములోకి రెండూ చేరితే అది కుప్పకూలే ప్రమాదం ఉంది. పైగా రెంటికీ మరమ్మతులు చేయడం తలకు మించిన భారమని భద్రతా బృందం అభ్యంతరం తెలిపింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడలేదు.

అసలు చిక్కు భద్రతలోనే ఉంది. ముక్కూమొహం తెలియనివారు పంపిన ఫైళ్లను సైతం డీకోడర్‌ విప్పవలసిందే. దురుద్దేశంతో తయారైన ఫైలు మెమరీ హద్దులు దాటించి యంత్రాన్ని పరుల వశం చేయగలదు. గూగుల్‌ ఇంజినీర్లు ఇద్దరు కావాలని చెడగొట్టిన ఫైళ్లతో ఈ రెండింటినీ పరీక్షించి, 2014 జనవరిలో ఫలితాలు వెల్లడించారు. వారు చూపిన లోపాలపై ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అప్పటికి వెయ్యికి పైగా సవరణలు జరగగా, లిబావ్‌లో అందులో సగం కూడా జరగకపోవడం గమనార్హం. లిబావ్‌ చేసిన మార్పులను సైతం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ ఎప్పటికప్పుడు కలుపుకుంటూ వచ్చింది.

అప్పటికే సమయం మించిపోయిందన్న కారణంతో 2015 ఏప్రిల్‌లో డెబియన్‌-8 కూడా లిబావ్‌తోనే వెలువడింది. ఆ ఏడాది జులైలో మల్టీమీడియా బృందం తిరిగి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ వైపు మొగ్గింది. ఆ నిర్ణయం 2017 జూన్‌లో వచ్చిన డెబియన్‌-9తో గానీ సాధారణ వినియోగదారునికి అందలేదు. బ్యాక్‌పోర్ట్స్‌ నుంచి విడిగా తెచ్చుకోవచ్చునని తెలియనివారు ఆ రెండేళ్లూ లిబావ్‌తోనే నెట్టుకొచ్చారు.