పెళ్లికూతురి సవరం: ఆ జుట్టు ఎవరిది, ఆ అలంకారం ఎవరి హక్కు?

గత వేసవిలో గుంటూరు జిల్లాలోని ఒక మాలపల్లెలో పెళ్లికి వెళ్లాం. పెళ్లికూతురు మాకు చెల్లెలి వరస. నర్సింగ్ చదివి ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఏడాది కిందట టైఫాయిడ్ వచ్చి తల్లో జుట్టు సగం రాలిపోయింది. ఫోటోల్లో నెత్తి కనిపిస్తుందేమోనని నెల రోజుల ముందు నుంచీ దిగులు పెట్టుకుంది. పొద్దున చర్చిలో పెళ్లికి తెల్ల చీర, కొప్పు, ముసుగు. సాయంత్రం రిసెప్షన్‌కి పట్టుచీర, పూలజడ. పార్లర్ నుంచి వచ్చిన అమ్మాయి పెట్టెలోంచి బారెడు సవరం తీసి దువ్వుతుంటే, పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగింది.

"ఎవరి జుట్టమ్మా ఇది?"

"తిరపతిది అమ్మమ్మా, ఒరిజినలే."

ఆమె దాన్ని చేత్తో నిమిరి చూసి, "మా కాలంలో ఊళ్లోకి పోయేటప్పుడు తల్లో పూలు తీసేసి పోయేవాళ్లం" అంది. ఆ మాటకి ఎవరూ ఏమీ అనలేదు. పార్లర్ అమ్మాయి జడ అల్లుతూనే ఉంది.

కులం, శ్రమ మీద పరిశోధన చేస్తున్న మాకు ఆ రెండు మాటలూ గుర్తుండిపోయాయి. ఒకటి జుట్టు ఎక్కడి నుంచి వచ్చిందన్నది, రెండోది దాన్ని అలంకరించుకునే హక్కు ఎవరికి ఉందన్నది. బ్యూటీ పేజీల్లో ఈ రెండూ కనిపించవు. అందుకే ఎక్స్‌టెన్షన్లు, కొప్పుల గురించి మన వైపు నుంచి రాద్దామనుకున్నాం.

సవరం నుంచి ఎక్స్‌టెన్షన్ దాకా

ఎక్స్‌టెన్షన్ అనే మాట కొత్తదే కానీ, వస్తువు కొత్తది కాదు. మన అమ్మమ్మలు వాడిన సవరం అదే. రాలిన జుట్టును పోగుచేసి, ఒక చివర దారంతో బిగించి కట్టి, సొంత జుట్టుతో కలిపి జడ వేసుకునేవారు. ఇప్పుడు పార్లర్లలో దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది క్లిప్‌లది. జుట్టు వరసకు చిన్న క్లిప్‌లు కుట్టి ఉంటాయి. పాయ తీసి, వేళ్ల దగ్గర బిగించి, పై జుట్టుతో కప్పేస్తారు. రాత్రికి తీసేయవచ్చు. ఒక్క రోజు పెళ్లికి ఇది చాలు. రెండోది టేప్‌ది. సన్నటి జుట్టు పాయను రెండు పలచని వరసల మధ్య జిగురు టేప్‌తో అతికిస్తారు. కొన్ని వారాలు ఉంటుంది, పార్లర్‌కు వెళ్లి తీయించుకోవాలి. మూడోది కుట్టుది. సొంత జుట్టును తలకు ఆనించి సన్న జడలుగా అల్లి, వాటి మీద జుట్టు వరసను సూదీదారంతో కుడతారు. నాలుగోది కెరటిన్ బాండ్‌ది. ఒక్కో పాయ చివర ఉన్న జిగురును వేడితో కరిగించి, సొంత వెంట్రుకలకు అంటిస్తారు. ఇది ఖరీదైనది, తీయడం కూడా కష్టం.

జుట్టులో కూడా రకాలున్నాయి. మన వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా వేరు నుంచి చివరికి ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది. తల మీంచి ఒకేసారి తీసిన జుట్టులో అన్ని వెంట్రుకల దిశ ఒక్కటే కాబట్టి చిక్కు తక్కువ పడుతుంది. దీన్నే రెమీ జుట్టు అంటారు. దువ్వెనకు వచ్చిన చిక్కు జుట్టులో వేళ్లూ చివరలూ కలగాపులగంగా ఉంటాయి. దాన్ని రసాయనాల్లో ముంచి పైపొర తీసేసి, మెరుపు కోసం సిలికాన్ పూత పూస్తారు. నాలుగు స్నానాలకు పూత పోయి మళ్లీ చిక్కు పడుతుంది. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. అందుకే ఎక్కువ ధర పెట్టి తక్కువ రకం కొనడం మామూలే.

కొప్పు ఎలా నిలుస్తుంది

పెద్ద కొప్పు కనబడగానే జుట్టంతా సొంతదే అనుకుంటాం. లోపల చూస్తే స్పాంజి గుండ్రం ఒకటి ఉంటుంది. జుట్టును వెనక గట్టిగా కట్టి, దానికి ఈ గుండ్రం తొడిగి, చుట్టూ జుట్టు పరిచి యూ పిన్నులతో బిగిస్తారు. నడినెత్తిన ఎత్తు కోసం పాయలను చివర నుంచి వేరు వైపు వెనక్కి దువ్వి ఉబ్బిస్తారు. పైన స్ప్రే కొడతారు. చర్చి పెళ్లికైతే ముసుగు జారకుండా కొప్పు పైన దువ్వెన క్లిప్ గుచ్చుతారు. పూలజడకైతే సవరం మీద రాగిడి, బిళ్లలు, చివర జడకుచ్చులు వస్తాయి. ఆ బరువంతా కణతల దగ్గర, నుదుటి అంచున ఉన్న సన్న వెంట్రుకల మీదే పడుతుంది.

ఒక్క రోజుకు పరవాలేదు. నెలల తరబడి బిగువు ఉంటే వేళ్లు దెబ్బతిని జుట్టు పలచబడుతుంది. వైద్యులు దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లోనే బిగువు వదిలేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్లు గడిస్తే రాకపోవచ్చు.

ఆ జుట్టు ఎక్కడి నుంచి వచ్చింది

తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 24 అంగుళాల సవరం ఎవరో ఒక మనిషి ఒంట్లో అయిదేళ్లు పెరిగిన జుట్టు. ఆ మనిషికి అందులో ఎంత ముట్టింది?

చాలాసార్లు ఏమీ ముట్టలేదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు మొక్కుగా తలనీలాలు ఇస్తారు. ఇచ్చినవాళ్లు డబ్బు అడగరు, అది వాళ్ల నమ్మకం. ఆ జుట్టును పొడవును బట్టి గ్రేడులుగా విడదీసి దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. కొన్నేళ్లలో ఈ ఆదాయం 100 కోట్ల రూపాయలు దాటింది. అక్కడ కత్తి పట్టే పనిలో పీస్ రేటు మీద పనిచేసే క్షురకులు కూడా ఉన్నారు.

రెండో దారి చిక్కు వెంట్రుకలది. పూసలు, పిన్నీసులు, దువ్వెనలు అమ్ముకుంటూ ఊరూరా తిరిగే పూసలవాళ్లు వాటికి మారుగా చిక్కు జుట్టు తీసుకెళ్లేవారు. ఇప్పుడు స్టీలు గిన్నెలకు, ప్లాస్టిక్ సామాన్లకు కొనేవాళ్లు పల్లెల్లో, బస్తీల్లో తిరుగుతున్నారు. గోడ సందుల్లో, కవర్లలో ఆడవాళ్లు దాచిన జుట్టు ఉండలు అలా బయల్దేరతాయి. మన రాష్ట్రంలో ఏలూరు, కర్ణాటకలో కొప్పళ దగ్గరి భాగ్యనగర్, బెంగాల్‌లో ముర్షిదాబాద్ ఈ వ్యాపారానికి పేరున్న చోట్లు. అక్కడ చిక్కు విడదీసేది ఎక్కువగా ఆడవాళ్లే. సూది పట్టుకుని ఒక్కో వెంట్రుకా లాగుతూ, దుమ్ములో గంటలకొద్దీ కూర్చుంటారు. కూలి కిలో లెక్కనో, రోజు లెక్కనో ఇస్తారు.

ముడి జుట్టును తక్కువ ధర చూపించి, దొంగదారిన మయన్మార్ మీదుగా చైనాకు పంపేస్తున్నారని ఎగుమతిదారులే ఫిర్యాదు చేశారు. 2022 జనవరిలో కేంద్రం తల వెంట్రుకల ఎగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చి, లైసెన్సు తప్పనిసరి చేసింది. సరిహద్దులో ధర గురించి చర్చ జరిగింది. చిక్కు విడదీసే చేతుల కూలి గురించి అంత చర్చ జరగలేదు. గొలుసులో ఒక చివర గిన్నెకు జుట్టు ఇచ్చే పల్లె ఆడవాళ్లున్నారు, ఇంకో చివర పెళ్లికి అప్పు చేసి సవరం కొనే పల్లె కుటుంబాలున్నాయి. లాభం మధ్యలో ఆగిపోతోంది.

జుట్టు మీద కులం కాపలా

ముసలమ్మ చెప్పిన పూల సంగతి ఒక్క ఊరిది కాదు. ఏం కట్టాలి, ఏం పెట్టుకోవాలి అనే విషయంలో అంటరాని కులాల మీద ఆంక్షలు దేశమంతటా ఉండేవి. 1928లో ఇందోర్ ప్రాంతంలోని బలాయీలకు అగ్రకులాలు పెట్టిన షరతుల గురించి అంబేద్కర్ 1936లో తన 'కుల నిర్మూలన'లో రాశారు. మగవాళ్లు జరీ అంచు తలపాగా కట్టకూడదు, ఆడవాళ్లు వెండి, బంగారు నగలు పెట్టకూడదు. ఒప్పుకోనివారికి బావి నీళ్లు ఆపేశారు, పశువుల మేతను అడ్డుకున్నారు. అంతకుముందు 1927 డిసెంబర్‌లో మహద్‌లో ఆడవాళ్లతో మాట్లాడుతూ, అంటరానివాళ్లని గుర్తుపట్టేలా ఉండే కట్టూబొట్టూ వదిలేయమని, చీరకట్టు మార్చుకోమని ఆయనే చెప్పారు. అలంకారం చిన్న విషయమని ఆయన అనుకోలేదు. ఒంటి మీది గుర్తుతోనే కులం మనిషిని పట్టుకుంటుందని ఆయనకు తెలుసు.

మంగలి షాపు గుమ్మం దగ్గరా ఇదే కథ. దళితులకు క్షవరం చేయడానికి నిరాకరించడం ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉంది. రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాల్లో వివక్షను నిషేధించింది. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో దాని మీద చర్చ జరిగినప్పుడు, దుకాణమంటే సరుకు అమ్మే చోటే కాదని, సేవలు అందించేవాళ్లంతా అందులోకి వస్తారని అంబేద్కర్ వివరించారు. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం శిక్షార్హం. సెలూనుకూ, బ్యూటీ పార్లర్‌కూ ఇది వర్తిస్తుంది.

జుట్టు పెట్టుకోనివ్వకపోవడం ఒక రకం హింస అయితే, జుట్టు తీసేయడం ఇంకో రకం. 2020 జూలైలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారన్న కేసు రాష్ట్రాన్ని కుదిపింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ బలవంతంగా గుండు గీయడాన్ని, మీసాలు తీసేయడాన్ని పేరుపెట్టి నేరంగా చెప్పింది. పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడం కూడా అదే చట్టం కింద నేరం. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. పెళ్లి శుభలేఖతో పాటు ఈ సంగతి కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

కొనే ముందు, పెట్టుకునే ముందు

మేము చూసినదాంట్లోంచి, తెలుసుకున్నదాంట్లోంచి కొన్ని మాటలు.

ఒరిజినల్ అని చెబితే ఒక్క వెంట్రుక అడిగి కాల్చి చూడండి. మనిషి జుట్టయితే వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది, ప్లాస్టిక్ వాసన వస్తుంది. సింథటిక్ పెట్టుకోవడం తప్పేమీ కాదు, ఒక్క పూట కొప్పుకి అది సరిపోతుంది. దాని మీద వేడి ఐరన్ మాత్రం పెట్టకూడదు. మనిషి జుట్టు ధర ఇచ్చి దాన్ని కొనకూడదు.

ఒక్క రోజుకైతే క్లిప్‌లది తీసుకోండి, లేదా అద్దెకు అడగండి. అద్దెదైతే ముందే ఉతికి ఆరబెట్టి ఇవ్వమనండి. చిక్కు తీసేటప్పుడు చివర నుంచి మొదలుపెట్టి పైకి రండి. తడిగా ఉన్నప్పుడు జడ వేయకండి, తడిగా దాచకండి.

సవరం రంగుకు కలవాలని పెళ్లి ముందు రోజు జుట్టుకు రంగు వేయిస్తారు. చాలా రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. పడనివాళ్లకు ముఖం వాచి, పుండ్లు పడతాయి. రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడాలి.

జుట్టు ఎందుకు రాలుతోందో ముందు కనుక్కోవాలి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. జ్వరం తర్వాత, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు ఎక్కువగా రాలి, చాలామందికి మళ్లీ వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ ఉంటే సవరం వాటిని కప్పుతుంది కానీ తగ్గించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. పార్లర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది.

చివరిగా డబ్బు మాట. మా చెల్లెలి పార్లర్ ప్యాకేజీకి అయిన ఖర్చు వాళ్లమ్మ రెండు నెలల మిరపకోత కూలి. ప్యాకేజీ అంటారు కానీ, అందులో ఏది కావాలో విడివిడిగా అడగవచ్చు. సవరం విడిగా, కొప్పు విడిగా, మేకప్ విడిగా ధర చెప్పించుకుంటే సగం భారం తగ్గుతుంది. ఇప్పుడు మన వాడల్లోనే కోర్సు నేర్చుకున్న అమ్మాయిలు ఉన్నారు. పెళ్లి పని వాళ్లకిస్తే ఆ డబ్బు వాడలోనే ఉంటుంది.

పెళ్లి అయిపోయాక

కత్తిరించుకున్న జుట్టుతో, గుండుతో, తెల్లబడిన జుట్టుతో ధీమాగా తిరిగే ఆడవాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఒత్తైన జడ ఉంటేనే ఆడపిల్ల అందగత్తె అన్న కొలత కూడా ఎవరో పెట్టిందే. దాన్ని ఒప్పుకోవాల్సిన పనిలేదు. అలాగని సవరం పెట్టుకున్న అమ్మాయిని తక్కువగా చూడాల్సిన పనీ లేదు. పూలు తీసేసి ఊళ్లోకి పోయిన ముసలమ్మ మనవరాలు మోకాళ్ల దాకా పూలజడ వేసుకుని, బాజాలతో ఆ ఊరి నడివీధిలోనే ఊరేగింది. అది ఫ్యాషన్ అని తీసిపారేయడానికి మాకు మనసొప్పదు.

పెళ్లయిన నెలకు ఆమెకు ఫోన్ చేశాం. డ్యూటీకి క్లిప్‌ల సవరం పెట్టుకుంటున్నావా అని అడిగితే నవ్వింది. "తలనొప్పి వస్తోందక్కా, తీసేశా. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా. ఆదివారం చర్చికి మాత్రం పెట్టుకుంటా" అంది. సవరాన్ని ఏం చేశావంటే, వచ్చే నెలలో పిన్ని కూతురి పెళ్లి ఉంది, దానికి ఇచ్చానని చెప్పింది.