సైలెన్సర్‌కు తుప్పా? వంటింట్లోనే ఉంది ఉపాయం!

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉండేవారికి ఈ బాధ కొత్తకాదు. బండి బాగానే ఉంటుంది, సైలెన్సర్ మాత్రం తుప్పుపట్టిపోతుంది. ఉప్పుగాలి ఒక్కటే కాదండోయ్, లోపలి నీరు కూడా కారణమే! లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. సందు చివరిదాకా వెళ్లి వచ్చేస్తే గొట్టం సరిగా వేడెక్కదు. ఆ తేమ లోపలే నిలిచి ఇనుమును తినేస్తుంది. చిల్లుపడిందా, ఖర్చు తప్పదు!

బండి పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. మెరిసే క్రోమియం పూత అయితే, చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. పైపై తుప్పు వదులుతుంది. కడిగి, పొడిగుడ్డతో తుడవండి.

నల్లరంగుదైతే గరుకుకాగితంతో తుప్పు పోయేదాకా రుద్ది, థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వండి. మామూలు పెయింట్ ఆ వేడికి మాడి రాలిపోతుంది. సుమారు 600 డిగ్రీలు తట్టుకునే పెయింటే అడిగి తెచ్చుకోండి. పల్చగా రెండు పూతలు చాలు. బాగా ఆరాక, ఆరుబయట కొద్ది నిమిషాలు ఇంజను నడిపి చల్లారనివ్వండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే రంగు గట్టిపడుతుంది.

పంటు ఎక్కి నరసాపురం వెళ్లొచ్చినా, బీచికి వెళ్లొచ్చినా, చల్లారాక మంచినీళ్లతో కడగండి. వేడిమీద కవరు కప్పకండి. సైలెన్సర్ అడుగున చిన్న రంధ్రం ఉంటే మూయకండి, నీరు పోయే దారి అదే.

అన్నట్టు, రంగు కొత్తదైనా వేడి పాతదే! పిల్లల పిక్కలు, మీ చీర కుచ్చిళ్లు జాగ్రత్త సుమా!