కొబ్బరితోటల నడుమ పాటల భోషాణము

రాజోలు ప్రాంతపు శంకరగుప్తం ఎక్కడనున్నదో తెలియనివారు ఉండవచ్చును గాని, 1930లో ఆ గ్రామమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానము విననివారు తెలుగునాట అరుదు. ఆయన 2016లో కీర్తిశేషుడైనాడు. గాత్రము మిగిలినది. ఎక్కడ మిగిలినది అనునదే ప్రశ్న.

1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసిన పిదప, ప్రభాతవేళ భక్తిరంజని వినుట మన ఇండ్లలో నిత్యకృత్యమైనది. టేప్‌రికార్డర్లు వచ్చినవి, రసికులు రేడియో పాటలను, శ్రీరామనవమి పందిళ్ళలోని కచేరీలను కాసెట్లలో పట్టి దాచుకొనిరి. కాని కోనసీమ గాలిలో తడి యెక్కువ. టేపుకు బూజు పట్టును. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కొబ్బరిచెట్లే నేలకొరిగినవి. అటకమీది కాసెట్ల గోడు ఎవరికి పట్టును?

నేడు సెల్‌ఫోనులో కోరిన పాట క్షణములో వినవచ్చును. మంచిదే. అయితే చందా కట్టి వినునది అద్దెకొంప వంటిది. చందా ఆగినచో పాట ఆగును. పైగా మన ఊరి పందిరిలో తాతగారు పట్టిన కచేరి ఏ కంపెనీ జాబితాలోను దొరకదు. స్వంత భోషాణ మొకటి ఉండవలెను.

అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. మూలబడిన కంప్యూటరైనను చాలును. లేనిచో, బడిపిల్లలకు కంప్యూటరు విద్య నేర్పు సంకల్పముతో 2012లో బ్రిటనులో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి యంత్రము చాలును. ఉచితముగా లభించు లిరియన్ మ్యూజిక్ సర్వర్ పాటలను వడ్డించును. పైకోర్ ప్లేయర్ వాటిని పలికించును. ఈ రెండవది జ్ఞాపకశక్తిలోనే నడచును గనుక, ఉన్నట్టుండి కరెంటు పోయినను కార్డు చెడదు. మన ప్రాంతమున ఇది చిన్న సుగుణము కాదు! ఇంటిలోని వైఫై ద్వారా సెల్‌ఫోనుతో ఏ గదిలోనుండియైనను పాట నెన్నుకొనవచ్చును. ఇంటర్నెట్టు లేకున్నను నిలువయున్న పాటలు పలుకును. అంకెలను విద్యుత్తరంగముగా మార్చు డాక్ అను చిన్న పరికరము, ఆంప్లిఫయరు, స్పీకర్లు వలయును. పాత టేప్‌రికార్డరుకు లైన్ ఇన్ రంధ్రమున్నచో ఆంప్లిఫయరు, స్పీకర్లు అందే ఉన్నవి.

అంకెలలో నాదమెట్లు ఇముడును? సీడీలో సెకనుకు 44,100 మారులు తరంగపు ఎత్తును కొలిచి వ్రాయుదురు. మన చెవికి వినబడు అత్యధిక కంపనములు సుమారు 20,000; వాటికి రెట్టింపునకు మించి కొలుచుటచే ఏమియు జారిపోదు. ఈ లెక్కన గంట సంగీతమునకు దాదాపు 635 మెగాబైట్లు పట్టును. ఫ్లాక్ పద్ధతిలో, ఒక్క స్వరమైనను పోకుండ, ఇది చాలవరకు తగ్గును. ఒక టెరాబైటు డిస్కులో 1,500 గంటలకు పైగా దాచవచ్చును.

కాసెట్టును ఎక్కించుటయే ఓపిక గల పని. గంట టేపునకు గంట పట్టును, దగ్గరదారి లేదు. టేప్‌రికార్డరు నుండి కంప్యూటరు లైన్ ఇన్‌కు తీగ కలిపి, ఉచితమైన ఆడాసిటీతో పట్టవలెను. శబ్దము పైగీటును తాకరాదు. తాకినచోట తరంగము తెగును, అది తిరిగి అతుకదు. తెల్లని బూజు కనబడిన టేపును శుభ్రపరచక ఆడించినచో యంత్రమునకు, దానినుండి తక్కిన కాసెట్లకు అంటును. హోరును తొలగించు ఉపాయములు ఉన్నవిగాని, నాకవి రుచింపవు. హోరుతోబాటు తంబురా శ్రుతియు పలుచబడును. తొలగించిననూ మూలప్రతిని అట్లే ఉంచవలెను. డిస్కులును చెడును గనుక రెండవ ప్రతిని మరియొక ఊరి బంధువుల ఇంట దాచుట మేలు.

ఇక పేర్లు. కాసెట్టు మీద "అమలాపురం, రెండవ రోజు" అని మాత్రమే వ్రాసియుండును. రాగము, తాళము సంగీతపు మాస్టారు చెప్పగలరు. పాడినదెవరు, ఫిడేలుపై ఎవరు, అది ఏ యేడు అనునది నాడు పందిరిలో కూర్చున్న తాతగారికే తెలియును. విద్యార్థులు ఈ వేసవిలో ఆయన ప్రక్కన కూర్చుండి పాట వినిపించి, ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవచ్చును.