తుపాకి భయం తగ్గినా తీరని ప్రయాణ గండం

భిలాయి ఉక్కునగరంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతూరి ప్రయాణం ఏటా తప్పనిది. సంక్రాంతికో, పెళ్లికో, పెద్దల కర్మకాండలకో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలకు బయలుదేరేవారు కొందరు. బస్తర్ అడవుల గుండా భద్రాచలం చేరుకొని ఖమ్మం, విజయవాడల వైపు సాగేవారు మరికొందరు. మొదటి దారి రైలుది, రెండోది రోడ్డుది. మందుపాతరల భయంతో ఈ దారుల్లో ప్రయాణాలను వాయిదా వేసుకున్న కాలం ఒకటుంది. ఆ భయం ఇప్పుడు సడలుతోంది. కానీ ప్రయాణికుల ప్రాణాలకు పొంచి ఉన్న ముప్పు మాత్రం అదే నిష్పత్తిలో తగ్గలేదు. అది రూపం మార్చుకున్నదనడం కన్నా, ఎన్నాళ్లుగానో ఉన్న అసలు రూపం ఇప్పుడు కనబడుతున్నదనడం సబబు.

ఉక్కుతో ముడిపడిన వలస

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తొలుత నిర్మాణ పనులకు, తర్వాత కొలువులకు ఉత్తరాంధ్ర నుంచి పెద్దసంఖ్యలో జనం తరలివెళ్లారు. రాయపూర్ నుంచి తిత్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరే రైలు మార్గం 1931 నాటికే పూర్తయి ఉండటం ఈ వలసకు దోహదం చేసింది. దేశంలోని రైలు పట్టాల్లో అధికభాగం భిలాయిలో పోసినవే. తాము తయారు చేసిన పట్టాల మీదే కార్మికులు సొంతూళ్లకు వెళ్లివస్తున్నారన్నమాట.

2024 సెప్టెంబరు 16న దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ రైలు ప్రారంభం కావడంతో ఈ ప్రయాణం సుమారు ఎనిమిది గంటలకు తగ్గింది. అయితే ఆరంభానికి మూడు రోజుల ముందు, ప్రయోగాత్మకంగా నడిపినప్పుడే మహాసముంద్ జిల్లా బాగ్‌బాహరా వద్ద ఆ రైలుపై రాళ్లు పడ్డాయి. మూడు బోగీల అద్దాలు పగిలాయి. ఐదుగురిని అరెస్టు చేశారు. ఆ రాళ్లకు, అడవుల్లోని తుపాకులకు ఏ సంబంధమూ లేదు.

భయం ముద్ర వేసిన ఘటనలు

రోడ్డు దారి చరిత్ర వేరు. రాయపూర్ నుంచి కాంకేర్, కేశ్‌కాల్, జగదల్‌పూర్, సుక్మా, కొంటల మీదుగా భద్రాచలం చేరే 30వ నెంబరు జాతీయ రహదారిలో దక్షిణ భాగం ఏళ్ల తరబడి మావోయిస్టుల ప్రాబల్య ప్రాంతంలో సాగింది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవాన్లు హతులయ్యారు. ఆరు వారాలు తిరక్కుండానే మే 17న దంతెవాడ–సుక్మా మార్గంలో చింగావరం వద్ద ప్రయాణికుల బస్సును మందుపాతరతో పేల్చివేశారు. అందులో పోలీసు సిబ్బందితో పాటు సాధారణ ప్రయాణికులు కూడా ఉన్నారు. 30 మందికి పైగా మరణించారు. 2013 మే 25న ఝీరం లోయలో కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై జరిగిన దాడిలో మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ తదితరులు బలయ్యారు. తీవ్రంగా గాయపడిన మాజీ కేంద్రమంత్రి విద్యాచరణ్ శుక్లా జూన్ 11న కన్నుమూశారు. విశాఖ నుంచి ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలోనూ, మావోయిస్టుల పిలుపులు ఉన్న రోజుల్లో ప్రయాణికుల రైలును గమ్యం చేరకముందే దంతెవాడ వద్ద నిలిపివేయడం పరిపాటి అయింది.

2025లో పరిస్థితి గణనీయంగా మారింది. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు మే 21న నారాయణ్‌పూర్ అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ మహారాష్ట్రలోని గడ్చిరోలిలో లొంగిపోగా, కొద్దిరోజులకే జగదల్‌పూర్‌లో 200 మందికి పైగా ఆయుధాలు అప్పగించారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో మాడ్వి హిడ్మా హతుడయ్యాడు. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టుల సమస్యను రూపుమాపాలన్నది కేంద్రం విధించుకున్న గడువు.

అంకెల్లో అసలు ముప్పు

కేంద్ర హోంశాఖ లెక్కల ప్రకారం మావోయిస్టుల హింసలో దేశవ్యాప్తంగా అత్యధికంగా ప్రాణాలు పోయిన సంవత్సరం 2010. ఆ ఏడాది పౌరులు, భద్రతా సిబ్బంది కలిసి 1,005 మంది మరణించారు. 2024లో ఆ సంఖ్య 150కి తగ్గింది. మరోవైపు 2010లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1.34 లక్షలకు పైగా ఉండగా, 2023లో 1.72 లక్షలు దాటారు. ఒక్క ఛత్తీస్‌గఢ్‌లోనే ఏటా 5 వేల మందికి పైగా రోడ్లపై ప్రాణాలు కోల్పోతున్నారు. హింస పరాకాష్ఠకు చేరిన ఏడాదిలో దేశమంతటా పోయిన ప్రాణాలకు ఇది ఐదు రెట్లు. అయినా ఒక మందుపాతర పేలుడు కలిగించిన భయాన్ని వేల ప్రమాదాలు కలిగించలేకపోవడమే విచిత్రం.

భిలాయి తెలుగువారి దారుల్లోనే ఇందుకు నిదర్శనాలున్నాయి. 2017 జనవరి 21న రాయగడ–పార్వతీపురం మధ్య కూనేరు వద్ద జగదల్‌పూర్–భువనేశ్వర్ హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది మరణించారు. విద్రోహ చర్య కావచ్చునన్న అనుమానమే తొలుత బలంగా వినిపించింది. అదే ఏడాది జులై 16న నాగావళి పరీవాహకంలో కురిసిన కుంభవృష్టికి తెరువలి–సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైల్వే వంతెనలు కొట్టుకుపోయి, ఆ మార్గం వారాల తరబడి మూతపడింది. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి వద్ద విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనుకనుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొనడంతో పదిమందికి పైగా దుర్మరణం పాలయ్యారు. సిగ్నల్ నిబంధనల ఉల్లంఘనే ఇందుకు కారణమని ప్రాథమిక విచారణలో తేలింది. 2024 ఏప్రిల్ 9 రాత్రి భిలాయి–రాయపూర్ మధ్యనున్న కుమ్హారి వద్ద పని ముగించుకొని తిరిగివస్తున్న కార్మికుల బస్సు మొరం తవ్విన గోతిలో పడి కనీసం 12 మంది మృతి చెందారు. ఆ గొయ్యి అడవిలోనిది కాదు, నగరాల నడుమనున్నది.

శ్రీలంక చెప్పే పాఠం

సాయుధ సంఘర్షణ చల్లారిన చోట సందర్శకుల భద్రత ఏ మలుపు తిరుగుతుందో పొరుగునున్న శ్రీలంక అనుభవం తెలుపుతుంది. 1996 జనవరి 31న కొలంబోలోని సెంట్రల్ బ్యాంకుపై, 2001 జులై 24న కటునాయకే విమానాశ్రయంపై ఎల్‌టీటీఈ జరిపిన దాడులు ఆ ద్వీపానికి పర్యాటకులను దూరం చేశాయి. 2009 మేలో యుద్ధం ముగిసింది. ఆ ఏడాది నాలుగున్నర లక్షలకు అటూఇటుగా ఉన్న విదేశీ సందర్శకులు 2018 నాటికి 23 లక్షలు దాటారు. ముప్పు తొలగిందనుకున్న దశలో 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ పర్వదినాన, చర్చిలు, హోటళ్లపై ఆత్మాహుతి దాడులు జరిగాయి. మృతులు 260కి పైగా. వారిలో భారతీయులు 11 మంది. ముందస్తు సమాచారం అందినా నివారించలేదంటూ నాటి అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేనను, ఉన్నతాధికారులను శ్రీలంక సుప్రీంకోర్టు 2023 జనవరిలో బాధ్యులను చేసి, పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

2025లో ఆ దేశానికి తగిలిన దెబ్బలు మరో రకానివి. మే, సెప్టెంబరు నెలల్లో కొండదారుల్లో రెండు బస్సులు లోయల్లో పడి 35 మందికి పైగా మరణించారు. నవంబరు చివర దిత్వా తుపాను, కొండచరియలు 600 మందికి పైగా పొట్టన పెట్టుకున్నాయి. తుపాకుల మోత ఆగాక కూడా నిఘా సడలరాదని ఈస్టర్ దాడులు చెబితే, నిఘా ఒక్కటే చాలదని కొండదారులు, వానలు చెప్పాయి. బస్తర్‌కు ఈ రెండు పాఠాలూ వర్తిస్తాయి.

పెరుగుతున్న రద్దీ

చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలు, కాంగేర్ లోయ జాతీయవనం, 75 రోజుల బస్తర్ దసరా ఉత్సవాలు సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ చేపట్టిన ఉత్తమ పర్యాటక గ్రామాల కార్యక్రమంలో అభివృద్ధికి 2024లో ధుడ్మారాస్ గ్రామం ఎంపికైంది. నగర్‌నార్ ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తి ప్రారంభించింది. కేశ్‌కాల్ కొండల్లో సొరంగంతో సహా రాయపూర్–విశాఖ ఆరు వరుసల రహదారిని చేపట్టారు. అంటే ఖనిజపు లారీలు, యాత్రికుల బస్సులు, సొంత కార్లు ఒకే ప్రాంతానికి పోటెత్తుతాయి. పన్నెండు మలుపుల కేశ్‌కాల్ ఘాట్‌లో పాత దారిపై లారీ మొరాయిస్తే గంటల తరబడి రాకపోకలు నిలిచిపోవడం స్థానికులకు అలవాటే. కొత్త దారి ఆ బాధ తీర్చినా దాంతోపాటు వేగాన్ని తెస్తుంది. వేగంతో వచ్చే ప్రమాదాలకు సన్నద్ధత లేకపోతే మేలుకన్నా కీడే ఎక్కువ కావచ్చు.

ప్రమాదం జరిగాక తొలి గంట అతి విలువైనదని వైద్యులు చెబుతారు. రాయపూర్–జగదల్‌పూర్‌ల మధ్య దూరమే దాదాపు 300 కిలోమీటర్లు. తలకు తీవ్రగాయమైన వ్యక్తిని అంతదూరం తరలించేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కొత్త శిబిరాలు, చెక్‌పోస్టులు, రోడ్డు తనిఖీ బృందాల కోసం ప్రభుత్వాలు ఏళ్లుగా ఏర్పరచిన యంత్రాంగంలో కొంత భాగాన్ని అంబులెన్సులకు, అత్యవసర చికిత్సా కేంద్రాలకు, ఘాట్ రోడ్ల రక్షణగోడలకు మళ్లించవలసిన సమయమిది. భూమిలో మిగిలిపోయిన మందుపాతరల ఏరివేత కూడా ఇందులో భాగమే. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రూ వద్ద జరిగిన పేలుడులో ఎనిమిదిమంది జవాన్లతో పాటు వాహన చోదకుడూ మరణించిన సంగతి మరువరానిది.

ప్రయాణికులు గుర్తుంచుకోవలసినవి

కేంద్రం 2025 మే 5న అమల్లోకి తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులు నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స పొందవచ్చు. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పిస్తోంది. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారులపై 1033, రైళ్లలో 139 నెంబర్లున్నాయి. ఘాట్ రోడ్లలో రాత్రి ప్రయాణం మానుకోవడం, జలపాతాల వద్ద వానకాలంలో అంచులకు పోకుండటం, లోపలి అటవీ ప్రాంతాల్లో స్థానికులను సంప్రదించకుండా తారురోడ్డు దిగకపోవడం కనీస జాగ్రత్తలు. ఖర్చులేని ఈ నియమాలే తరచుగా ఉల్లంఘనకు గురవుతున్నాయి.

ఒకప్పుడు ఈ దారుల్లో భద్రత అంటే సాయుధ జవాను కాపలా. ఇకమీదట మలుపు వద్ద గోడ, వంతెన కింద బలమైన స్తంభం, సిగ్నల్ వద్ద అప్రమత్తత, పిలిచిన వెంటనే వచ్చే అంబులెన్సు కూడా భద్రతే. శత్రువు కంటికి కనిపించినప్పుడు కోట్లు వెచ్చించిన ప్రభుత్వాలు, కనిపించని ఈ శత్రువుపై అంతే పట్టుదల చూపితేనే ఉక్కునగరం నుంచి బయలుదేరిన కుటుంబం క్షేమంగా సొంతూరు చేరుతుంది.