పెద్దింట అడుగుపెట్టిన రెక్సిన్

2002లో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ పాలన స్వర్ణోత్సవానికి బెంట్లీ కంపెనీ ఒక కారు చేసి ఇచ్చింది. ముందు సీట్లకు, అంటే డ్రైవరు కూర్చునే చోట, మేలిరకం తోలు తొడిగారు. రాణిగారు కూర్చునే వెనక సీటుకు మాత్రం ఉన్ని బట్ట. ఇది పొదుపు కోసం చేసిన పని కాదు, పాత మర్యాద. గుర్రబ్బగ్గీల రోజుల్లో బండి తోలేవాడు ఎండకూ వానకూ బయటే ఉండేవాడు. తడిసినా తుడిస్తే సరిపోయేలా అతని సీటుకు తోలు వేసేవారు. తలుపులు మూసుకుని లోపల కూర్చునే దొరలకు మెత్తని బట్ట ఉండేది. తొలినాటి ఖరీదైన కార్లు కూడా ఇదే వరస పాటించాయి. జపాన్ పెద్దమనుషులు ఎక్కే టొయోటా సెంచురీలో ఈనాటికీ ఉన్ని సీట్లకే గౌరవం. తోలు కదిలితే కిర్రుమంటుంది, ఉన్ని నోరు మెదపదు.

కాబట్టి తోలు సీటు అంటే విలాసమనే నమ్మకం మనం అనుకునేంత పాతది కాదు. కార్లకు పైకప్పు వచ్చి, చవక కార్లలో బట్టా ప్లాస్టిక్కూ చేరాక, పక్కింటివాడి కారులో లేని వస్తువుగా తోలు వెనక సీటుకు ప్రమోషన్ కొట్టింది. ఇప్పుడు కోటి రూపాయల విద్యుత్ కార్లు దాన్ని మర్యాదగా సాగనంపుతున్నాయి. ఆ స్థానంలోకి వస్తున్నది మన ఆటో సీట్ల మీదా, మోపెడ్ల మీదా, ఆఫీసు కుర్చీల మీదా చూసిన రెక్సిన్ వంశంలోని మునిమనవరాలు. ఆ వంశం కథ తుపాకిమందు దగ్గర మొదలవుతుంది.

1846లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో క్రిస్టియన్ ష్యోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త, దూదిని నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన ద్రావణంలో నానబెడితే అది పేలుడు పదార్థంగా మారుతుందని కనుగొన్నాడు. తుపాకిపత్తి అంటే అదే. ఆమ్లం పని కాస్త ముందుగా ఆపేస్తే మరో రకం వస్తుంది. అది పేలదు కానీ ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరుగుతుంది. ఆ ద్రావణాన్ని దేనిమీదైనా పూసి ఆరనిస్తే పలుచని పొర మిగులుతుంది. ఆ పొర పెళుసు, మడిస్తే విరిగిపోతుంది. కర్పూర తైలమో ఆముదమో కలిపితే మెత్తబడి వంగుతుంది. ఆ ముద్దకు రంగు కలిపి నూలుబట్టకు పూతలు పూతలుగా పట్టించి, తోలు మీద ఉండే గీతల్ని చెక్కిన రోలరు కింద నొక్కితే దూరం నుంచి చూసేవాడికి తోలే. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ పట్టణంలో ఈ సరుకు చేసిన కంపెనీ పెట్టుకున్న వ్యాపారనామమే రెక్సిన్. కంపెనీని మరిచిపోయి పేరును మాత్రం మనం ఉంచేసుకున్నాం.

అమెరికాలో తుపాకిమందుకు పేరుపడ్డ డ్యూపాంట్ కంపెనీ 1910లో ఫాబ్రికాయిడ్ అనే కృత్రిమ తోలు కంపెనీని కొనేసింది. కారణం తేలికే. పొగరాని తుపాకిమందుకూ ఈ పూతకూ ముడిసరుకు ఒకటే, నైట్రేట్ పట్టించిన దూది. యుద్ధాలు లేని రోజుల్లో దానికి మరో గిరాకీ కావాలి. ఫోర్డ్ కంపెనీ అయితే తన కార్లకు కావలసిన కృత్రిమ తోలును సొంతంగానే తయారుచేసుకునేది. కోట్ల కార్లు రోడ్డెక్కుతున్న కాలమది. అన్నిటికీ సరిపడా పశుచర్మం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో తరం ఓ అంటుకోని జిగురు వెతుకులాటలో పుట్టింది. 1926లో గుడ్రిచ్ టైర్ల కంపెనీలో వాల్డో సెమన్ అనే యువ రసాయనవేత్త, రబ్బరును లోహానికి అంటించే పదార్థం కోసం వెతుకుతూ ఎందుకూ పనికిరాని గట్టి ప్లాస్టిక్‌గా పేరుపడ్డ పీవీసీని ఎక్కువ వేడి మీద మరిగే ద్రావకాల్లో కాచాడు. చల్లారాక మెత్తగా, సాగే ముద్ద మిగిలింది. పీవీసీ అణువుల పొడుగాటి గొలుసుల మధ్యలోకి ఆ నూనెలాంటి ద్రవం చేరి అవి ఒకదానికొకటి బిగుసుకోకుండా చేసింది. వినైల్ అని మనం పిలిచే ఈ పీవీసీ సీటు మెత్తదనమంతా ఆ అరువు నూనెదే. అయితే అరువు అరువే. ఎండలో నిలిపిన కారులో ఆ నూనె కొంచెం కొంచెంగా ఆవిరై, ముందు అద్దం లోపలివైపు మసకగా పేరుకుంటుంది. కొత్త కారు వాసనలో దాని వాటా కూడా ఉంది. ఏళ్లు గడిచి నూనె తగ్గాక సీటు బిరుసెక్కి పగులుతుంది. నూనె ఎంపిక, మోతాదు సరిగా కుదిరితే మాత్రం మొండి సరుకే. మెర్సిడెస్ ఎంబీ-టెక్స్ పేరుతో వాడిన వినైల్ జర్మనీ టాక్సీల్లో లక్షల కిలోమీటర్లు అరిగినా చిరగకపోవడం కార్ల లోకంలో ఒక పురాణంలా చెప్పుకుంటారు. దాని లోపం వేరే చోట ఉంది. అది ఊపిరి తీయదు. వేసవి మధ్యాహ్నం వినైల్ సీటు మీద గంట కూర్చుని లేచినవాడి చొక్కా వీపు చూస్తే వివరణ అక్కర్లేదు.

మరి అసలు తోలు ఊపిరి ఎలా తీస్తుంది? దీని మూలం తెలిసింది మద్రాసులోనే. చర్మంలో ముఖ్యమైన ప్రోటీను కొలాజెన్. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా దీని అణునిర్మాణాన్ని ప్రతిపాదించారు. మూడుపాయల జడలా మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయని తేల్చారు. వారు ఎక్స్‌రేల కింద పెట్టిన నమూనాల్లో కంగారూ తోక స్నాయువు కూడా ఉంది. ఆ పరిశోధనకు నమూనాల సాయం పొరుగునే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి అందింది. తెనాలి దగ్గర యలవర్రు నుంచి వెళ్లిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా నడిపి ప్రపంచపటంలో నిలబెట్టింది ఈ సంస్థనే. తోళ్ల పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో ఆయన దాన్ని విజ్ఞానశాస్త్రంగా నిలబెట్టారు. ఆ గౌరవం ఈ వృత్తి చేసిన మనుషులకు పూర్తిగా దక్కిందా అంటే అది వేరే వ్యాసం.

ఆ జడలు కట్టలై, కట్టలు పీచులై, పీచులు నలువైపులా అల్లుకుని చర్మం అవుతుంది. అందులో అడ్డం నిలువుల వరస ఉండదు కాబట్టి ఒకవైపు గాటు పడినా చిరుగు సాగదు. పీచుల మధ్య ఖాళీల గుండా చెమట ఆవిరి పోతుంది. పచ్చితోలును వదిలేస్తే కుళ్లుతుంది, 65 డిగ్రీల వేడినీటిలో వేస్తే ముడుచుకుపోతుంది. అందుకని గొలుసుల మధ్య గట్టి వంతెనలు వేయాలి. తోలు పదును చేయడమంటే అదే. దక్షిణాదిలో ఆ పనిని తంగేడు చెక్క, కరక్కాయ చేసేవి. తెలంగాణ రాష్ట్రపుష్పంగా బతుకమ్మలో పేర్చే తంగేడు ఒకప్పుడు ఇంగ్లండుకు ఎగుమతయ్యే తోళ్లకు పదును పెట్టింది. తరవాత క్రోమియం లవణాలు వచ్చాయి. నెలల పని గంటల్లోకి దిగింది, తోలు మరిగే నీటిని తట్టుకునేంత గట్టిపడింది. తోలు పీల్చుకోని క్రోమియం నీళ్లలోకి పోయింది. పాలారు పరీవాహకంలోని వెల్లూరు ప్రాంతపు టానరీల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పర్యావరణ న్యాయశాస్త్ర పాఠ్యాంశమైంది. నేటి కార్ల తోలులో చాలాభాగం క్రోమియం లేకుండా ఆల్డిహైడ్ రకం రసాయనాలతో పదును చేసిందే. బీఎండబ్ల్యూ తన ఐ3 విద్యుత్ కారుకు ఆలివ్ ఆకుల సారంతో పదును చేసిన తోలు వాడింది. మన తంగేడు చెక్కది కూడా అదే తర్కం.

ఈ అల్లికను కారఖానాలో పుట్టించాలన్న మొదటి గట్టి ప్రయత్నం ఘోరంగా దెబ్బతింది. డ్యూపాంట్ 1960లలో కోర్ఫామ్ అనే పదార్థాన్ని బూట్ల కోసం తెచ్చింది. సన్నని రంధ్రాలున్న, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర. గాలి ఆడుతుంది, నీళ్లు దిగవు, పాలిష్ అక్కర్లేదు. కానీ తోలు బూటు పది రోజుల్లో పాదం ఆకారానికి సర్దుకుంటుంది. కోర్ఫామ్ రాత్రికి రాత్రి మళ్లీ మొదటి ఆకారానికే వచ్చేసేది. దాదాపు పది కోట్ల డాలర్లు నష్టపోయి 1971లో డ్యూపాంట్ దాన్ని వదిలేసింది.

అమెరికా ఓడిన చోట జపాన్ నెగ్గింది. 1970లో టొరే కంపెనీలో మియోషి ఒకమోతో తోలు ఉపరితలాన్ని నకలు చేయడం మానేసి, లోపలి పీచును నకలు చేశాడు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది. రెండు ప్లాస్టిక్కులను కలిపి ఒక దారం తీస్తారు. అడ్డంగా కోస్తే ఒక ప్లాస్టిక్ మధ్యలో రెండోది చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ దారాన్ని సూదులతో గుచ్చి గజిబిజిగా అల్లి, చుట్టూ ఉన్న మొదటి ప్లాస్టిక్‌ను ద్రావకంలో కరిగిస్తే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పీచులు మిగులుతాయి. వాటిని కొంచెం పాలీయురేథేన్‌తో పట్టి ఉంచుతారు. ఇదే విద్యతో ఇటలీలో 1972లో మొదలైన అల్కాంటరా ఇవాళ పందెం కార్లలో, కోట్ల ఖరీదు వాహనాల్లో ఉంది. అక్కడ దాన్ని చూసి ప్లాస్టిక్ కదా అని ఎవరూ ముఖం చిట్లించరు. ప్లాస్టిక్ తోలు కావడానికి తాపత్రయపడటం మానుకున్న రోజునే దానికి పరువు దక్కింది.

విద్యుత్ కార్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం దీని చవక బంధువు. తోలు గీతలు అచ్చొత్తిన కాగితం మీద పాలీయురేథేన్ ద్రావణాన్ని పలుచగా పోసి, కాచి, దాని వెనక నురుగు పొర, ఆ వెనక అల్లిన పాలియెస్టర్ బట్ట అంటించి కాగితాన్ని ఊడదీస్తారు. ఇందులో మంచిదీ చెడ్డదీ ఉంది. విశాఖ, కాకినాడ ఉక్కలో మూడేళ్లకే పెచ్చులూడిన సోఫాలు చాలా ఇళ్లలో ఉంటాయి. చవక రకంలో గొలుసుల్ని కలిపే ఎస్టర్ బంధాల్ని గాలిలోని తేమ తెంచుతుంది. తెగిన చోట పుట్టిన ఆమ్లం మిగతావాటిని ఇంకా వేగంగా తెంచుతుంది. అందుకే అది మెల్లగా అరగదు, ఉన్నట్టుండి రాలుతుంది. కార్లకు వాడే మేలురకంలో తేమను తట్టుకునే పాలీకార్బొనేట్ తరహా గొలుసులుంటాయి. చూపుకు రెండూ ఒకటే.

ఇక అసలు తోలు సీటు మీద చెయ్యి వేసి తన్మయత్వం చెందేవారికి ఒక చేదు నిజం. వేలికి తగిలేది తోలు కాదు. చెమట, గోళ్లు, కాఫీ, ఎండ తట్టుకోవాలంటే వట్టి తోలు వల్ల కాదు కాబట్టి కారు తోలుకు దాదాపు ఎప్పుడూ రంగుతో పాటు పాలీయురేథేన్ పూత ఉంటుంది. ఐరోపా ప్రమాణాల ప్రకారం ఆ పూత 0.15 మిల్లీమీటరు దాటితే దాన్ని తోలు అని అమ్మకూడదు. అంటే ఆ లోపు ప్లాస్టిక్ సమ్మతమే. షోరూములో మనం పోల్చి చూసేది పాలీయురేథేన్‌తో పాలీయురేథేన్‌నే. తేడా అంతా కింద ఉన్న మిల్లీమీటరులో ఉంది, కొలాజెనా, పాలియెస్టరా అని.

ఈ తగాదాను తెగేదాకా లాగింది విద్యుత్ కారే. 2015లో టెస్లా వాటాదారుల సమావేశంలో జంతుచర్మం పూర్తిగా మానాలన్న ప్రతిపాదన వీగిపోయింది. అయినా 2017 నాటికి కంపెనీ తనంతట తానే సీట్లకు తోలు మానేసింది. ఆఖరుదాకా ఇబ్బంది పెట్టింది స్టీరింగు. వేడిచేసే తీగలు, రోజంతా చేతుల రాపిడి రెండూ కలిసి కృత్రిమ తోలుకు పరీక్ష పెట్టాయి. వోల్వో 2021లో ఇకపై తన కొత్త విద్యుత్ కార్లలో తోలు ఉండదని ప్రకటించి, పాత ప్లాస్టిక్ సీసాలు, స్వీడన్, ఫిన్లాండ్ అడవుల నుంచి వచ్చే పదార్థం, వైన్ సీసాల బెండు కలిపి నార్డికో అనే సరుకు తెచ్చింది. తోలు లేకుండా మొదట వచ్చిన సీ40 కారును మన దేశానికి బెంగళూరు దగ్గరి హొసకోటెలోనే బిగించారు. తోళ్లకు పేరుపడ్డ ఆంబూరు అక్కడికి పెద్ద దూరమేం కాదు.

తోలు మానడం వెనక జీవకారుణ్యం ఒక్కటే లేదు. పెట్రోలు ఇంజనుకు వృథా వేడి పుష్కలం. విద్యుత్ కారులో గదంతా వేడి చేయాలంటే బ్యాటరీ నుంచి కిలోవాట్లు పోతాయి, సీటు ఒక్కటే వేడి చేస్తే పదుల వాట్లు చాలు. అందుకే సీటు విద్యుత్ పరికరమైంది. మన ఎండలకైతే చిల్లుల గుండా గాలి లాగే ఫ్యాను కావాలి. ప్రతి చదరపు అంగుళం ఒకేలా ఉండే సరుకు ఇంజనీరుకు సుఖం. తోలు ఆవు ఆవుకూ మారుతుంది, దోమకాటు, ముళ్లకంచె గీత, ఈతల చారలు అన్నీ ఉంటాయి. అందుకే పెద్ద కంపెనీలు ఎద్దు తోళ్లే ఏరుకునేవి. ఇంజను చప్పుడు లేని కారులో సీటు కిర్రుమనడమూ నేరమే.

కానీ కృత్రిమం అనగానే పుణ్యమని నేను ఒప్పుకోలేను. పశువు విలువలో తోలు వాటా కొద్దిపాటిదే. కార్ల కంపెనీలు కొనడం మానేస్తే మాంసం తినడం ఆగదు. ధర పడినప్పుడు అమెరికాలో పచ్చితోళ్లను పూడ్చిపెట్టిన సందర్భాలున్నాయి. అటుపక్క అమెజాన్ అడవులు నరికి వేసిన పచ్చికబయళ్ల తోలు ఐరోపా కార్లలోకి రావడమూ నిజమే, 2023 నాటి ఐరోపా అటవీ చట్టం తోళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నది అందుకే. పుట్టగొడుగుల దారాలతో పెంచిన మైలో అనే తోలును మెర్సిడెస్ 2022లో ఈక్యూఎక్స్ఎక్స్ నమూనా కారులో గొప్పగా చూపించింది. మరుసటి ఏడాదే దాన్ని చేసే కంపెనీ డబ్బు చాలక ఉత్పత్తి ఆపేసింది. నాకైతే పోలెస్టార్ కార్ల కంపెనీ పద్ధతి నిజాయితీగా తోస్తుంది. వీవ్‌టెక్ అనే కృత్రిమ సరుకు, ఎక్కడి పశువో ఆనవాలు చెప్పగల స్కాట్లండ్ తోలు రెండూ పక్కపక్కన పెట్టి కొనేవాణ్ని ఎంచుకోమంటుంది.

ఇప్పుడు ప్రయోగశాలల్లో నడుస్తున్న పని స్పర్శ గురించి కాదు, సీటు చావు గురించి. పైపొర పాలీయురేథేన్, మధ్యలో నురుగు, కింద పాలియెస్టర్, వాటి మధ్య జిగురు. పదిహేనేళ్ల తరవాత కారు తుక్కయ్యాక వీటిని విడదీయడం ఖర్చుతో కూడిన పని, కాబట్టి కాల్చడమో పూడ్చడమో జరుగుతుంది. ఉపరితలం, మెత్త, కుట్టుదారం అన్నీ ఒకే రకం ప్లాస్టిక్‌తో చేస్తే మొత్తం కరిగించి మళ్లీ దారం తీయవచ్చు. బీఎండబ్ల్యూ 2021లో మ్యూనిక్‌లో చూపిన నమూనా కారు ఈ దారిలోనిదే. జిగురుకు బదులు బిగింపులు, కలగలుపు పదార్థాలకు బదులు వీలైనంతవరకు ఒంటి పదార్థం. అది అమ్మకానికి రాలేదు.